ముగ్గు పడని వాకిలి: ఇంటి భద్రత వాదాలపై తార్నాక నుంచి ఒక సమీక్ష

తార్నాక పేరులోనే కంచె ఉంది. నిజాం కాలంలో ఇక్కడి పండ్లతోట చుట్టూ ముళ్లతీగ కట్టి, దారి మీద నాకా పెట్టారనీ, ఆ ‘తార్’, ఈ ‘నాకా’ కలిసి ఊరి పేరయిందనీ పాతవాళ్లు చెబుతారు. తోట పోయింది, తీగ పోయింది. కాపలా గొడవ మాత్రం పోలేదు. విజయపురి కాలనీలోనూ నాగార్జుననగర్‌లోనూ ఇప్పుడది ప్రతి గేటు దగ్గరికీ వచ్చింది. కెమెరా పెట్టాలా, గ్రిల్లు బిగించాలా, వాచ్‌మన్‌ను మార్చాలా, వీధి మొదట్లో గేటు వేయాలా? సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు దగ్గరపడితే పోలీసుల ప్రకటనలు మొదలవుతాయి: ఊరెళ్తే ఠాణాలో చెప్పండి, నగలు ఇంట్లో ఉంచకండి, ప్రయాణం ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. సంక్షేమ సంఘం సమావేశాల్లో వాదన ఏళ్ల తరబడి అక్కడక్కడే తిరుగుతుంది. ఏ పక్షం దగ్గర ఏ ఆధారం ఉందో విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

ఈ చర్చకు తార్నాక తగిన చోటు. ఒకవైపు 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాని ఆవరణలో చెట్ల మధ్య దూరదూరంగా ఉండే క్వార్టర్లు, హాస్టళ్లు. పక్కనే ఇఫ్లూ. ఇంకోవైపు ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ. లాలాగూడ వైపు రైల్వే క్వార్టర్లు. పాత ఇండిపెండెంట్ ఇళ్లు, అలాంటివి పడగొట్టి లేపిన అపార్ట్‌మెంట్లు, మధ్యలో పీజీ హాస్టళ్లు. 2017 నవంబరు నుంచి మెట్రో. ఇల్లు కట్టుకున్న ప్రొఫెసరో శాస్త్రవేత్తో రిటైరై ఉంటారు. పిల్లలు అమెరికాలో ఉంటే వీళ్లూ కొన్ని నెలలు అక్కడే. అన్నాళ్లూ ఇంటికి తాళం.

కన్నం నుంచి గొళ్లెం దాకా

ఇంట్లో జొరబడటానికి తెలుగులో పాత మాట కన్నం వేయడం. మట్టిగోడల కాలంలో దొంగకు తలుపుతో పనిలేదు, గోడ తొలిస్తే చాలు. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తూ ఏ ఆకారంలో తొలిస్తే బాగుంటుందని ఆలోచిస్తాడు, కొలతకు తన జంధ్యమే వాడతాడు. తెల్లారి జనం చూసి మెచ్చుకోవాలని ఆయన తాపత్రయం. సిమెంటు వచ్చాక గోడ గట్టిపడింది, దొంగ తలుపు వైపు తిరిగాడు.

చట్టం రెండు కాలాలనూ గుర్తుపెట్టుకుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి ‘హౌస్ బ్రేకింగ్’కు ఆరు దారులు రాసింది. తానే దారి చేసుకోవడం, మనుషులు నడవడానికి కాని దారిన దూరడం లేదా గోడెక్కడం, ఇంటివాళ్లు తెరుచుకోని పద్ధతిలో దారి తెరవడం, తాళం తీయడం, మనిషి మీద బలం చూపడం, రాకుండా బిగించిన దారిని విప్పడం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షన్‌లోనూ ఆ ఆరూ దాదాపు అలాగే ఉన్నాయి. 331వ సెక్షన్ ప్రకారం దొంగతనం కోసం ఇలా చొరబడితే గరిష్ఠ శిక్ష పదేళ్లు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందైతే పద్నాలుగేళ్లు. పగలు ఇంటి చుట్టూ నలుగురూ తిరుగుతుంటారు, రాత్రే భయం అన్న పాత ఊరి లెక్క ఇందులో ఉంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయే కాలనీలో ఉదయం పదకొండుకు వీధి ఎంత నిర్మానుష్యంగా ఉంటుందో ఆ లెక్కకు తెలియదు.

పల్లెలో తలారి ఉండేవాడు. ఇంట్లో అరుగు మీద ముసలివాళ్లు ఉండేవారు. కాపలా అన్నది ఒకరు కొనుక్కునే సరుకుగా అప్పట్లో లేదు, ఊళ్లో బతకడంలోనే అదీ కలిసి ఉండేది. ఆ కళ్లు పోయాక వాటి స్థానంలో ఏం పెట్టాలన్నదాని మీదే నేటి పక్షాలన్నీ పుట్టాయి.

తాళం పక్షం

అన్నిటికన్నా పాతది, జనబలం ఎక్కువున్నది ఇదే. అర్దేశిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాల పని మొదలుపెట్టింది 1897లో. అలీగఢ్ తాళాలు దేశమంతా తెలుసు. దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దొంగను ఆలస్యం చేస్తే చాలు, విసిగి పోతాడన్నది ఈ పక్షం వాదన.

వాదనలో బలముంది. చిక్కల్లా డబ్బు ఎక్కడ ఖర్చు పెడుతున్నామన్న దగ్గర. ‘తాళం పగలగొట్టి చోరీ’ అని పత్రికలు రాస్తాయి గానీ, చాలాసార్లు తాళంకప్ప చెక్కుచెదరదు. ఇనుప రాడ్డు దూర్చి మెలిపెడితే గొళ్లేన్ని పట్టుకున్న పొట్టి స్క్రూలు ద్వారబంధంలోంచి ఊడి వస్తాయి. రెండు వేల రూపాయల కప్ప, ఇరవై రూపాయల గొళ్లెం, చెదలు తిన్న చెక్క: ఈ మూడింటిలో దొంగకు కావలసింది మూడోదే. పాత ఇళ్లకు బయటి తలుపు టేకుదే అయినా వెనక వంటింటి తలుపు, బాత్రూము వెంటిలేటరు, మేడ మీది తలుపు నాసిరకం. మిద్దె మీంచి మిద్దె మీదికి అడుగు వేయగలిగేంత దగ్గరగా కట్టుకున్న వీధుల్లో మేడ తలుపే అసలు సింహద్వారం.

రెండో చిక్కు మరీ సూక్ష్మం. బయట వేలాడే తాళంకప్ప ఇంట్లో ఎవరూ లేరని వీధికంతా చాటుతుంది. గేటు దగ్గర పోగైన పేపర్లు, తీయని పాల ప్యాకెట్లు, రాత్రీ పగలూ వెలిగే ఒకే బల్బు కూడా అదే మాట చెబుతాయి. అన్నిటికన్నా గట్టిగా చెప్పేది వాకిలి. ధనుర్మాసంలో వీధి వీధంతా ముగ్గులు పడుతుంటే, కల్లాపి లేక దుమ్ము పట్టిన వాకిలి ఒక్కటే ఉంటే, రెక్కీకి వచ్చినవాడు గేటు తట్టి చూడాల్సిన పని కూడా లేదు. సగం నగరం ఊళ్లకు కదిలేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. తలుపు మందంలోనే దిగిపోయే మోర్టిస్ తాళాన్ని నిపుణులు మెచ్చుకోవడానికి బలమొక్కటే కారణం కాదు. ఇల్లు ఖాళీ అని అది చెప్పదు.

బ్రిటన్‌లో జాతీయ నేర సర్వే వివరాల మీద 2017లో వెలువడిన పరిశోధన ఈ పక్షానికి దొరికిన అతి మంచి ఆధారం. కిటికీ తాళాలు, లోపల టైమరుతో వెలిగే దీపాలు, తలుపుకు రెండో తాళం లేదా డెడ్‌లాక్, బయటి దీపాలు, ఈ నాలుగూ కలిసి ఉన్న ఇంటికి ఏమీ లేని ఇంటితో పోలిస్తే 49 రెట్లు ఎక్కువ రక్షణ కనిపించింది. బజారులో అన్నిటికన్నా ఖరీదైన అలారం మాత్రం ఆ పరిశోధనలో పేరు నిలబెట్టుకోలేదు. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్లు 400 మందికి పైగా శిక్ష పడ్డ దొంగలను అడిగితే, అలారం ఉందో లేదో చూసుకుంటామని ఎక్కువమంది చెప్పారు. రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. జైల్లో ఉన్నవాడు చెప్పే మాటకూ, దొంగతనం జరిగిన ఇళ్ల లెక్కకూ మధ్య తేడా ఉండటం వింతేమీ కాదు. నేను లెక్క వైపు మొగ్గుతాను.

ఎదురింటి కిటికీ

1961లో జేన్ జేకబ్స్ అమెరికా నగరాల గురించి రాస్తూ వీధిని కాచేది వీధిలోని కళ్లేనంది. 1972లో ఆస్కార్ న్యూమన్ దాన్ని ఇళ్ల నిర్మాణ సూత్రంగా మార్చాడు: తనదనిపించే జాగాను మనిషి కనిపెట్టుకుంటాడు. 1979లో కోహెన్, ఫెల్సన్ ఇంకా పొడిగా తేల్చారు. దొంగ, సొమ్ము, కాపు లేకపోవడం, మూడూ ఒకచోట కలిస్తేనే దొంగతనం. మొదటి రెండూ మన చేతిలో పెద్దగా లేవు.

ఈ మూడో అంశానికి ప్రపంచం అనుకోకుండా ఒక పరీక్ష పెట్టింది. 2020 లాక్‌డౌన్‌లో అందరూ ఇళ్లలో కూర్చున్నారు. 23 దేశాల్లో 27 నగరాల పోలీసు లెక్కలు పరిశీలిస్తే ఇళ్ల దొంగతనాలు సగటున 28 శాతం తగ్గాయి. ఎవరూ కొత్త తాళాలు కొనలేదు.

దీనికన్నా ముందే ఇంగ్లండ్‌లో రాచ్‌డేల్ దగ్గరి కిర్క్‌హోల్ట్ కాలనీలో 1980ల నడుమ ఒక ప్రయోగం జరిగింది. ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లోనే మళ్లీ పడుతున్నారని గమనించారు. దొంగలకు డబ్బు దొరికే, ఇళ్లలో నాణేలు వేసి వాడే గ్యాస్, కరెంటు మీటర్లు తీసేశారు, ఆ ఇంటి చుట్టూ ఉన్న నాలుగైదు ఇళ్లవాళ్లను మాత్రమే ఒక జట్టుగా కట్టారు. మూడేళ్లలో దొంగతనాలు నాలుగో వంతుకు పడిపోయాయి. కాలనీ అంతటినీ కాపలా పెట్టాలన్న పెద్ద ఆలోచన కన్నా, దెబ్బతిన్న ఇంటి చుట్టూ అయిదు ఇళ్లను కలిపే చిన్న ఆలోచన ఎక్కువ పనిచేసింది. మన దగ్గర దొంగలు పడ్డ ఇంటిని చూడటానికి మొదటి రోజు వీధంతా వస్తుంది, మూడో రోజుకు ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు. ఆ ఇంటికి, దాని పక్కిళ్లకు ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ తర్వాతి కొద్ది వారాల్లోనే.

ఈ పక్షానికి కూడా లొసుగులున్నాయి. ఎత్తయిన ప్రహరీ కట్టుకుంటే దొంగ ఒకసారి లోపలికి దూకాక ఎదురింటి కిటికీకి కనబడడు. అద్దెకుండేవాళ్లు పదకొండు నెలలకోసారి మారే అపార్ట్‌మెంట్‌లో ఎవరు కొత్త, ఎవరు పాత అన్నది లిఫ్టుకే తెలియాలి. పీజీ హాస్టల్ ఉన్న వీధిలో అపరిచితుడన్న మాటకే అర్థం లేదు. అలాగని హాస్టళ్లను తిట్టడమూ సరికాదు. రాత్రి పన్నెండుకు టీ కోసం బయటికొచ్చే కుర్రాళ్ల వల్ల ఆ వీధి చాలా వీధులకన్నా ఎక్కువసేపు మెలకువగా ఉంటుంది.

కెమెరా పక్షం

హైదరాబాద్‌లో కెమెరాలు ఇంతగా పెరగడానికి మూలం ఇళ్ల దొంగతనం కాదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. అదే ఏడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రత చట్టం వచ్చింది. ఒకేసారి 100 మంది గానీ రోజుకు 500 మంది గానీ వచ్చిపోయే చోట కెమెరాలు పెట్టాలి, దృశ్యాలు 30 రోజులు దాచాలి. తర్వాత శ్రీశ్రీ మాటను పేరుగా పెట్టుకున్న ‘నేను సైతం’ పథకం కింద కాలనీలు చందాలు వేసుకుని కెమెరాలు కొన్నాయి. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు. ఉగ్రవాదం కోసం వచ్చిన పరికరం అలా కాలనీ మలుపుల దాకా వచ్చింది.

దొంగను పట్టుకోవడంలో కెమెరా ఉపయోగం గురించి పోలీసులు చెప్పేదాన్ని కొట్టిపారేయలేం. బండి నంబరు, వచ్చిన దారి, పోయిన దారి దొరుకుతాయి. దొంగతనం జరగకుండా ఆపడం వేరే సంగతి. నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి 2019లో ప్రచురించిన సమీక్షలో కెమెరాలున్న చోట నేరాలు సగటున 13 శాతం తగ్గినట్టు తేలింది. ఎక్కువ ఫలితం కార్ల పార్కింగుల్లో. తెర ముందు మనిషి కూర్చుని చూస్తున్న కెమెరాలే మేలుగా పనిచేశాయి. ఇంట్లో పెట్టుకున్న కెమెరాను ఎవరు చూస్తారు? ముసుగు వేసుకుని వచ్చినవాడు పోతూ పోతూ డీవీఆర్ పెట్టెను కూడా పట్టుకుపోతే ఆ కెమెరాలు చూసిందేమిటో తెలుసుకునే దారే ఉండదు.

ఈ ఖాళీని గుర్తించిన ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్, అంటే తాళం వేసిన ఇళ్ల నిఘా వ్యవస్థ. ఊరెళ్లేవాళ్లు యాప్‌లో కోరితే పోలీసులే వచ్చి కదలికను పసిగట్టే కెమెరా పెట్టిపోతారు. లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూముకు సంకేతం, అక్కడి నుంచి గస్తీ బండికి కబురు. కెమెరా వెనక మనిషిని నిలబెట్టిన పద్ధతి ఇది. తెలంగాణ కాలనీలు ఇంకా వెనక మనిషి లేని కెమెరాల మీద ఖర్చు పెడుతూనే ఉన్నాయి.

ఇక కెమెరాయే దొంగకు దారి అయితే? 2016లో మిరాయ్ అనే వైరస్ పాస్‌వర్డు మార్చని లక్షలాది ఇంటర్నెట్ కెమెరాలను, రౌటర్లను లొంగదీసుకుంది. కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి అమ్మకానికి వచ్చే కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేయడానికి నేపథ్యం ఇలాంటిదే. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారమే బయటికి పొక్కి అరెస్టు దాకా వెళ్లింది. పక్కింటి పడకగది కిటికీ మీదికి తిరిగిన కెమెరా సంగతి ఇంకా తేలలేదు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం మాత్రం వ్యక్తులు సొంత, ఇంటి అవసరాలకు వాడే సమాచారాన్ని తన పరిధి నుంచి తప్పించింది. గోడకవతలి పెద్దాయనతో మాట్లాడుకోవడం తప్ప దీనికి ఇప్పటికి దగ్గరి దారి లేదు.

గూర్ఖా నుంచి వాచ్‌మన్ దాకా

రాత్రి ఈల ఊదుతూ, కర్ర నేలకు తాటిస్తూ తిరిగే గూర్ఖా ఒకప్పుడు కాలనీ నిద్రలో భాగం. తాను ఎక్కడున్నాడో దొంగకు ఆయనే చెబుతున్నాడని నవ్వుకునేవాళ్లున్నారు. ఎవరో ఒకరు మేలుకునున్నారన్న భరోసా ఆ ఈల విలువ. నెలకోసారి ఇంటింటికీ వచ్చి డబ్బు తీసుకునేటప్పుడు ఏ ఇంట్లో ఎవరున్నారో ఆయనకు తెలిసేది.

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వేరే మనిషి. పార్కింగులో ఒక గది, అందులో భార్యాపిల్లలతో కాపురం. మోటారు వేయాలి, కార్లు తుడవాలి, చెత్త దించాలి, మూడో అంతస్తు అమ్మగారికి కొత్తిమీర తేవాలి. ఇరవై నాలుగు గంటలూ పనిలో ఉన్న మనిషి కాపలా ఎప్పుడు కాయాలో ఎవరూ రాసిపెట్టరు. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద గార్డుకు కనీసం 160 గంటల శిక్షణ ఉండాలి, నేపథ్యం తనిఖీ జరగాలి. నేరుగా పెట్టుకున్న వాచ్‌మన్ ఆ చట్టంలోకి రాడు. శిక్షణ లేదు, సెలవు లేదు. దొంగతనం జరిగితే మొదటి అనుమానం మాత్రం ఆయన మీదే.

దొంగ ఎవరో ముందే తెలుసునన్నవాళ్లు

‘ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు’ అన్న సామెతను ఈ పక్షం పదేపదే వాడుతుంది. పనిమనిషి, డ్రైవరు, నేపాలీ వంటవాడు, చెడ్డీ గ్యాంగ్, ‘బయటి నుంచి వచ్చినవాళ్లు’. హైదరాబాద్‌లో ఇంట్లో పనికి చేరి యజమానులకు మత్తుమందు పెట్టి దోచుకున్న కేసులు నిజమే. పనివాళ్ల వివరాలు ఠాణాలో నమోదు చేయించడం సబబైన జాగ్రత్తే. అక్కడి నుంచి ఒక జాతినో ఊరినో ముద్ర వేయడానికి ఒక్క అడుగే దూరం.

ఆ అడుగు తెలుగునేల మీద ఒకసారి పడింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించారు. సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురంలో పెట్టారు. పుట్టుకే నేరమైంది. చట్టం 1952లో రద్దయింది, ఊరి పేరు మాత్రం సినిమాలకు ఇప్పటికీ పనికొస్తూనే ఉంది. 2018 మే నెలలో పార్థీ ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచినప్పుడు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. దొంగను ముఖం చూసి గుర్తుపట్టగలమన్న వాదానికి ఈ సమీక్షలో ఒక్క మంచి ఆధారమూ కనబడలేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

తాళం నిమిషాలు కొనిపెడుతుంది. గట్టి గొళ్లెం మూడు నిమిషాలైతే, మోర్టిస్ తాళం, గ్రిల్లు కలిస్తే ఇంకొన్ని అనుకుందాం. ఆ నిమిషాల్లో చప్పుడు వినే మనిషి లేకపోతే అవి వృథా. కెమెరా జరిగినదాన్ని దాచిపెడుతుంది, వెనక ఎవరైనా ఉంటే కబురూ చెబుతుంది. పక్కింటివాళ్లు ఖర్చు లేకుండా కబురు చెబుతారు గానీ వాళ్లూ ఊరెళ్తారు. వాచ్‌మన్ ఈ మూడు పనులూ చేయగలడు, ఆయన చేత నాలుగో పని చేయించకుండా ఉంటే. ఈ పక్షాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడంలోనే చర్చ చిక్కుపడింది. ఆలస్యం చేసేది ఒకటి, గమనించేది ఒకటి, కదిలి వచ్చేది ఒకటి. మూడోది లేని ఏర్పాటు ఎంత ఖరీదైనదైనా అసంపూర్ణమే.

దొంగ పక్క వీధికి పోతాడంతే కదా అనేవాళ్లకు ఒక జవాబుంది. 102 అధ్యయనాలను పరిశీలించిన 2009 నాటి సమీక్షలో నేరం పక్కకు జరిగిన సందర్భాలు 26 శాతం. మేలు పక్కకు పాకిన సందర్భాలు 27 శాతం. మన వీధి బాగు పడితే పక్క వీధికి కీడే జరగాలని లేదు.

క్యాంపస్: మూయాలా, తెరవాలా

ఉస్మానియా ఆవరణ ఈ వాదాలన్నిటికీ పెద్ద నమూనా. విద్యానగర్ నుంచి తార్నాకకు నగరం దాని గుండానే నడుస్తుంది. తెల్లవారుజామున వాకింగ్‌కు వచ్చేవాళ్లు, కోచింగ్‌కు పోయేవాళ్లు, బస్సులు, ఆటోలు. పక్కనున్న సీఎస్‌ఐఆర్ సంస్థలకు గోడ, గేటు, గుర్తింపు కార్డు. ఒకే ప్రాంతంలో రెండు సిద్ధాంతాలు గోడకు అటూ ఇటూ ఉన్నాయి.

మూసేయాలన్నవాళ్లు చూపేది హాస్టళ్లలో పోయే ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, రాత్రి చీకటి రోడ్లు, ఆక్రమణలు. తెరిచి ఉంచాలన్నవాళ్లు చెప్పేది జనసంచారమే చీకటికి మందు అని, పబ్లిక్ విశ్వవిద్యాలయానికి కోటగోడ తగదని. రెండో వాదంలో నిజం పాలు ఎక్కువని నా అభిప్రాయం. హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ పోయేది మెయిన్ గేటు తెరిచి ఉన్నందుకు కాదు. ఒక గదికి నలుగురు, ఒకే తాళంచెవి కిటికీ మీద, స్నానానికి పోతూ దగ్గరికి వేసిన తలుపు. ఆవరణకు గోడ కడితే ఆ తలుపుకు గడియ పడదు. క్వార్టర్ల సంగతి వేరు. పెద్ద కాంపౌండు, గుబురు చెట్లు, పక్కిల్లు కనబడనంత దూరం: అందంగా ఉండే ఈ మూడు లక్షణాలే దొంగకూ నచ్చేవి. అక్కడ కావలసింది వీధిదీపం, కత్తిరించిన పొదలు, వెనక తలుపు మార్చడం.

సొమ్ము ఇంట్లో ఉంటే, లేకపోతే

లాకర్లో పెట్టుకోమన్న సలహాకు ఒక అనుబంధం అవసరం. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం వంటి వాటిలో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్లు. అద్దె 3,000 అయితే 3 లక్షలు. ఇవాళ్టి బంగారం ధరకు అది ఎన్ని గాజులకు సరిపోతుందో ఇంటివాళ్లే లెక్కేసుకోవాలి.

బీమాలో మెలిక ఇంకా పదునైనది. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ ప్రధానంగా అగ్నిప్రమాదం, వరద వంటి వాటికి. దొంగతనం అందులోకి వచ్చేది అలాంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు అయితేనే. మామూలు దొంగతనానికి వేరే బర్గ్లరీ పాలసీ తీసుకోవాలి. అందులోనూ 2004లో హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, బలప్రయోగంతో లోపలికి రావాలని పాలసీలో రాసి ఉంటే అది రుజువు కావాల్సిందేనంది. పూలకుండీ కింద పెట్టిన తాళంచెవితో దొంగ మర్యాదగా తలుపు తీసుకుని వస్తే క్లెయిము చిక్కుల్లో పడొచ్చు.

తేలనివి

ఒకటి, నిప్పు. కిటికీలన్నిటికీ కదలని గ్రిల్లు, బాల్కనీకి జాలీ, మెట్ల దగ్గర తాళం వేసిన కొలాప్సిబుల్ గేటు: దొంగ లోపలికి రాలేడు, మనం బయటికి పోలేం. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర అగ్నిప్రమాదంలో ఒకే ఇంట్లో 17 మంది చనిపోయారు. ఆ ఇంటికి దారి ఒక్కటే, అదీ ఇరుకు. అది దొంగల భయంతో మూసిన దారి కాదు గానీ, బయటపడే దారి లేకపోతే ఏమవుతుందో చూపింది. లోపలి నుంచి తెరుచుకునే గ్రిల్లు ఒక్క కిటికీకైనా ఉండాలన్న మాట భద్రత చర్చల్లో చాలా అరుదుగా వినబడుతుంది.

రెండు, ఒంటరి వృద్ధులు. ఇంట్లో మనిషి ఉండటమే రక్షణ అన్న సూత్రం వాళ్ల దగ్గర తలకిందులవుతుంది. వాళ్ల ఇంట్లో దొంగ పడితే పోయేది సొమ్ము మాత్రమే కాకపోవచ్చు. తాళం సలహాలన్నీ ఊరెళ్లేవాళ్లకు రాసినవి, ఊరెళ్లలేని వాళ్లకు రాసినవి తక్కువ.

మూడు, లెక్కలు. ఏటా జాతీయ నేర గణాంకాల బ్యూరో ఇచ్చేది నమోదైన కేసుల సంఖ్య. కేసు పెట్టకుండా వదిలేసినవి అందులో ఉండవు. 2017లో ఐడీఎఫ్‌సీ ఇన్‌స్టిట్యూట్ ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరుల్లో ఇంటింటి సర్వే చేస్తే దొంగతనానికి గురైనవాళ్లలో ఎఫ్‌ఐఆర్ దాకా వెళ్లినవాళ్లు కొద్దిమందేనని తేలింది. హైదరాబాద్ ఆ సర్వేలో లేదు. కాబట్టి కెమెరాలు పెట్టాక దొంగతనాలు తగ్గాయని చెప్పినా, పెరిగాయని చెప్పినా కాలనీ స్థాయిలో నిరూపించే దారి లేదు. ఈ వ్యాసంలో వాడిన అంకెలు ఎక్కువగా ఇంగ్లండువీ అమెరికావీ కావడానికి కారణం అదే. అక్కడి ఇళ్ల మీద తేలిన సూత్రం మన సిమెంటు మేడకు, తాళంకప్పకు, వాకిట్లో ముగ్గుకు ఎంతవరకు వర్తిస్తుందో ఇక్కడే కొలవాలి.

కొలవడానికి కావలసిన సరంజామా దగ్గరే ఉంది. దొంగ ఏ తలుపు నుంచి వచ్చాడు, గొళ్లెం ఊడిందా తాళం పగిలిందా, పగలా రాత్రా, ఇల్లు ఎన్నాళ్లుగా మూసి ఉంది, అంతకుముందు అదే వీధిలో దొంగలు పడ్డారా: ఈ వివరాలు దర్యాప్తు కాగితాల్లో ఎలాగూ ఉండాల్సినవే. పేర్లు, ఇంటి నంబర్లు తీసేసి, గత పదేళ్లవి వీధుల వారీగా బయటపెట్టమని తార్నాక చుట్టుపక్కల సంక్షేమ సంఘాలు పోలీసు కమిషనర్‌ను అడగాలి. లెక్కగట్టడానికి ఉస్మానియాలో స్టాటిస్టిక్స్ శాఖ ఉంది, ఇంటింటికీ తిరిగి అడగడానికి సోషియాలజీ శాఖ ఉంది. వచ్చే సంక్రాంతిలోపు కొత్త కెమెరాలకు చందా వసూలు చేయబోయే సంఘాలు, ఆ చందాకు ముందు ఈ అర్జీ మీద సంతకాలు తీసుకోవాలని మనవి.